పసుపు పెట్టనివ్వని బానెట్

కార్ల వర్క్‌షాపుల్లో కొత్తగా చేరుతున్న అబ్బాయిలకూ అమ్మాయిలకూ ఇప్పుడు ట్రైనింగుల్లో చాలా చెబుతున్నారు. కస్టమరును చూసి ఎలా నవ్వాలో, ఫోను ఎన్నో రింగుకు ఎత్తాలో కూడా నేర్పుతున్నారట. ముక్కును ఎక్కడ ఉంచుకోవాలో మాత్రం ఎవరూ చెప్పడం లేదు. ఆ ఒక్క పాఠం నేను చెబుతాను. ఇంకో ఆరు నెలల్లో రిటైరవుతాననగా నా ముక్కే నన్ను ముంచింది కాబట్టి నాకా అర్హత ఉంది.

విజయవాడ ఆటోనగర్‌లో ఒక కార్ల డీలరు దగ్గర నేను వారంటీ సెక్షన్ చూసేవాణ్ణి. కొత్త కారులో ఏదో చెడిందని కస్టమరు వస్తే, అది తయారీలో లోపమా, వాడకంలో లోపమా అని నేను తేల్చాలి. ఫొటోలు తీసి, కారణం అనే గడిలో రెండు ముక్కలు రాసి కంపెనీకి పంపాలి. అక్కడి వాళ్ళు కారును చూడరు. నేను రాసిన రెండు ముక్కలు చూసి సరే అంటారు, లేదా కాదంటారు. నేను రాస్తే ఎక్కువగా కాదనే వచ్చేది. వెనకాల నన్ను అందరూ ‘రిజెక్టు గారు’ అనేవారు. నాకు తెలియదనుకునేవారు. నాకు తెలుసు, పైగా లోలోపల కాస్త గర్వంగా కూడా ఉండేది.

ఇక ముక్కు సంగతి. మా తాత బడిపంతులు, మా నాన్న గవర్నర్‌పేటలో ఒక ఆఫీసులో గుమాస్తా. వాళ్ళ ఆచారాలన్నీ నా దాకా వచ్చేసరికి ఒక్కొక్కటే రాలిపోయాయి కానీ, నీచు ముట్టకపోవడమూ, వాసన పట్టే ముక్కూ మాత్రం భద్రంగా చేతికందాయి. గుణదల నుంచి ఆటోనగర్‌కు స్కూటర్ మీద వస్తూ, దారిలో ఏ ఇంట్లో ఏం తాలింపు పెడుతున్నారో చెప్పగలనని మా ఆవిడ దగ్గర గొప్పలు పోయేవాణ్ణి. వర్క్‌షాపులోనూ ఇదే వేషం. కారు తలుపు తీసి ఒక్కసారి గాలి పీల్చి, “సిగరెట్ కాల్చారు”, “కుక్కను ఎక్కించారు”, “పిల్లలు పాలు ఒలకబోశారు” అని ప్రకటించేవాణ్ణి. చాలాసార్లు నిజమయ్యేది. చాలాసార్లు నిజమవడమే ప్రమాదమని అప్పుడు తెలియలేదు.

ఆ ఏడు శ్రావణమాసం ముందు ఒక తెల్లకారు వచ్చింది. కొని పది నెలలయింది. బానెట్ మధ్యలో అరచెయ్యంత మేర పెయింటు లేచిపోయి, అంచులు చుట్టుకుని ఉంది. గోటితో పట్టి లాగితే పొరలా వచ్చేస్తోంది. మిగతా కారు మాత్రం అద్దంలా ఉంది. దాన్ని నడుపుకుంటూ వచ్చినావిడకు యాభై లోపే ఉంటాయి. జరీ అంచు చీర, రెండు చేతులకూ గాజులు, చెవికి ఫోను. పక్క సీట్లో ఆవిడ భర్త. ఆయన దిగి, కారుకు ఒక ప్రదక్షిణం చేసి, నీడ చూసుకుని కూర్చున్నాడు. మాట్లాడే డిపార్ట్‌మెంటు ఆయనది కాదని అర్థమైంది.

జాబ్ కార్డు రాస్తూ ఊరేదని అడిగాను. బందరు అవతల సముద్రపొడ్డున ఒక ఊరు చెప్పింది.

“ఏం చేస్తుంటారండీ?”

“చేపల యాపారమండీ. హార్బర్లో పడవల మీద కొని ఐసు పెట్టి పంపుతుంటాం. మీ బెజవాడ మార్కెట్టుకి కూడా మా సరుకే వస్తది.”

అంతే. ఇంకా తలుపు తీయలేదు, అప్పుడే నా ముక్కుకు వాసన తగిలింది. చేపల నీళ్ళు, ఉప్పు, ఐసుపెట్టెల నుంచి కారిన మురుగు, అన్నీ కలిపి తగిలాయి. తలుపు తీయడం ఎందుకని తీయలేదు కూడా. నాలుగు ఫొటోలు తీసుకున్నాను. పెయింట్ మందం కొలిచే చిన్న మీటరు నా సొరుగులోనే ఉంది. అరచేతిలో ఇమిడే వస్తువు, కారు మీద ఆనిస్తే అంకె చూపిస్తుంది, క్షణం పని. దాన్నీ బయటికి తీయలేదు. కారణం గడిలో ఇంగ్లీషులో ఇలా రాశాను: కస్టమరు చేపల వ్యాపారి, వాహనంలో చేపల రవాణా వల్ల ఉప్పునీరు తగిలి పెయింట్ దెబ్బతింది.

మీలో బాడీ షాపు తెలిసినవాళ్ళు ఈపాటికి నవ్వుతూ ఉంటారు. ఉప్పునీరు రేకును కింది నుంచి తింటుంది. తలుపుల అడుగున, చక్రాల పైన, డిక్కీ అంచుల్లో తుప్పు పొంగులు వస్తాయి. బానెట్ నడిమధ్య ఒక్కచోటే శుభ్రంగా పొర లేవదు. అయినా బానెట్ మీద చేపలు పోసి ఎవరు మోసుకెళతారండీ? ఇవన్నీ నాకు తెలుసు, కొత్తవాళ్ళకు పాఠంగా కూడా చెప్పేవాణ్ణి. ఆ రోజు మాత్రం చేపలు అన్న మాట వినగానే నా చదువంతా పక్కకు తప్పుకుంది.

రెండు వారాలకు కంపెనీ నుంచి కాదని ఉత్తరం వచ్చింది. నా మాటలే కామాలతో సహా దించి పంపారు. మేం దానిని ఆవిడకు పోస్టు చేశాం. ఇలాంటివి ఎన్నో పంపాను, వాటిని ఎవరు ఎక్కడ కూర్చుని చదువుతారో ఎప్పుడూ ఆలోచించలేదు.

ఆ పై సోమవారం ఆవిడ మళ్ళీ వచ్చింది. ఈసారి నేరుగా నా టేబుల్ దగ్గరికి వచ్చి ఉత్తరం ముందు పెట్టింది. అరుస్తుందనుకుని మంచినీళ్ళ సీసా దగ్గరికి జరుపుకున్నాను. అరవలేదు.

“సారూ, పెయింటు సంగతి తరవాత. ముందు ఈ ముక్క కొట్టెయ్యండి.”

“ఏ ముక్కండీ?”

“చేపలు మోసిన ముక్క. ఇది ఇంగ్లీషులో ఉందని ఐసు ఫ్యాక్టరీలో గుమాస్తా చేత చదివించాను. అక్కడ పడవలోళ్ళున్నారు, వేలం పాటగాళ్ళున్నారు, బుట్టలోళ్ళున్నారు. అందరి ముందూ చదివాడు. ఒకటే నవ్వులు. కారెక్కినా నీ కంపు పోలేదంటగా అన్నాడొకడు. కంపెనీయే రాసిచ్చిందంట.”

నేను నా మామూలు పాట ఎత్తుకున్నాను. “అది టెక్నికల్ రిపోర్టండీ, మనసులో పెట్టుకోకండి...”

ఆవిడ చెయ్యెత్తి ఆపింది. “నేను చెప్పేది ఇనండి. ఈ కార్లోకి ఇంతవరకూ చేప ఎక్కలేదు. పీత ఎక్కలేదు. ఎండురొయ్య కూడా ఎక్కలేదు. సరుక్కి నాకు వేరే ట్రాలీ ఉంది. హార్బరుకెళ్ళిన చీర మార్చుకోకుండా నేనే ఎక్కను. మా ఆయన్ని కూడా కాళ్ళు కడుక్కుంటేనే ఎక్కనిస్తా. అడగండి కావాలంటే.”

ఈసారీ గుమ్మం దగ్గర నీడ చూసుకుని కూర్చున్న ఆవిడ భర్త గంభీరంగా తలాడించాడు.

“చిన్నప్పట్నుంచి బుట్ట పెట్టుకుని బందరు బస్సులో తిరిగాను సారూ. నిలబడటానికి చోటు లేని బస్సులో కూడా నా పక్క సీటు ఖాళీగానే ఉండేది. బుట్ట ఇంటికాడ పెట్టి పెళ్ళికి పోతున్నా అంతే. అలవాటు పడ్డాలెండి. కానీ ఏనాటికైనా ఒక కారు కొనుక్కోవాలి, దాంట్లో మాత్రం వాసన ఉండకూడదని అనుకున్నా. ఆ ఒక్కదాని కోసం కొన్నా. మీరేమో చూడకుండానే రాసేశారు.”

చూడకుండానే అన్న మాట గుచ్చుకుంది. అది అక్షరాలా నిజం కాబట్టి గుచ్చుకుంది. అయినా వెంటనే ఒప్పుకునే రకాన్ని కాదు కదా, “మరి బానెట్ ఒక్కటే ఎందుకు పోయిందంటారు?” అని అడ్డంగా అడిగాను.

“ఎందుకేంటండీ, దానికి పసుపు పెట్టలేదు కాబట్టి!”

నాకు నవ్వొచ్చింది. ఆవిడ నవ్వలేదు.

“మా అత్త మొదటిరోజు నుంచీ అంటానే ఉంది, బానెట్టుకి పసుపూ బొట్టూ పడని కారేం కారు, దిష్టి కొట్టి తీరుతుందని. అన్నట్టుగానే సరిగ్గా అక్కడే లేచిపోయింది. దసరా రోజు డెలివరీ తీసుకున్నాం. పంతులుగారు పసుపు కలిపి బానెట్ మీద స్వస్తిక్ రాయబోతుంటే మీ వాళ్ళొచ్చి అడ్డం నిలబడ్డారు. ఇది కొత్తరకం పెయింటు, బానెట్ మీద ఏమీ రాయకూడదు, కంపెనీ రూలు అన్నారు. పంతులుగారు కూడా తెల్లబోయారు. చివరికి అద్దం మూల ఇంత బొట్టు పెట్టి గుమ్మడికాయ కొట్టించారు.”

“మా వాళ్ళంటే ఎవరండీ?” అన్నాను, సగం నవ్వుతూనే.

ఆవిడ నా కళ్ళద్దాల వంక, జుట్టు వంక కాసేపు చూసింది. “పండగ కదా, పంచె కట్టుకున్నారు ఆయన. మీలాగే ఉన్నారు.”

నా నవ్వు అక్కడే ఆగిపోయింది. మా షోరూములో దసరాకు పంచె కట్టుకొచ్చేది నేనొక్కణ్ణే.

ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. దసరాకు మా దగ్గర కార్ల కొనుగోళ్ళు ఎలా ఉంటాయో విజయవాడ వాళ్ళకు చెప్పనక్కర్లేదు. ప్రతివాళ్ళకూ ఒక ముహూర్తం, ప్రతి ముహూర్తానికీ ఒక పంతులుగారు. ముందురోజు షోరూము ముందు షామియానా వేస్తుండగా ఒక ఇనుప పైపు జారి, మర్నాడు డెలివరీకి కడిగి పెట్టిన తెల్లకారు బానెట్ మీద పడింది. చిన్న సొట్ట, మూరెడు గీత. అదే మోడల్‌లో తెల్లకారు ఇంకొకటి యార్డులో లేదు. నిబంధన ప్రకారం కస్టమరుకు చెప్పాలి, లేదా వేరే కారు తెప్పించాలి. ఏది చేసినా పొద్దున తొమ్మిదిన్నర ముహూర్తం పోతుంది. బాడీ షాపు ఇన్‌చార్జి సెలవులో ఉండి, ఆ రోజు ఆ బాధ్యత కూడా నా నెత్తినే ఉంది.

మా పెయింట్ మేస్త్రీ అప్పుడే చెప్పాడు. మాట తక్కువ మనిషి, ఇరవై ఏళ్ళుగా రంగుల మధ్యే ఉన్నవాడు. “వాన ముసురు పట్టింది సార్. పాత పెయింటుని బాగా రుద్దాలి, ఆరాలి. రెండు రోజులన్నా కావాలి” అన్నాడు. “ముహూర్తం రెండు రోజులు ఆగుతుందా?” అన్నాను. “పెయింటుకి ముహూర్తాలు తెలీవు సార్” అన్నాడు. అప్పట్లో అది పొగరుగా తోచింది. పైపైన రుద్దించి, సాయంత్రానికల్లా వేయించేశాను. పొద్దున చూస్తే మిలమిల్లాడుతోంది కానీ వేలు పెడితే అంటుకునేలా ఉంది. దాని మీద తడి పసుపు పడితే మరక అలాగే ఉండిపోతుంది. అందుకని పంచె ఎగ్గట్టుకుని వెళ్ళి కంపెనీ రూలొకటి అప్పటికప్పుడు సృష్టించాను. ఆ రోజు డెలివరీలు వరసపెట్టి జరిగాయి. కారుకు ఇంకా నంబరు ప్లేటు కూడా రాలేదు. మనుషులను నంబర్లతో గుర్తుపెట్టుకునే అలవాటు నాది, అందుకే పండగ తెల్లారేసరికి కారునూ ఆవిణ్ణీ పూర్తిగా మర్చిపోయాను.

“ఒక్క నిమిషం కూర్చోండి” అని సొరుగులోంచి మీటరు తీసుకుని బయటికెళ్ళాను. టాప్ మీద పెట్టాను, తలుపుల మీద పెట్టాను, ఒకటే అంకె. బానెట్ మీద పెడితే దానికి దాదాపు రెట్టింపు. వంగి నిలబడ్డాను కదా అని తలుపు కూడా తీశాను. లోపల సాంబ్రాణి వాసన, పాత మల్లెపూల వాసన. నా ముక్కు ఎంత వెతికినా మరొకటి దొరకలేదు.

మేస్త్రీ దగ్గరికి వెళ్ళాను. నా చేతిలో మీటరు చూసి పని ఆపాడు.

“ఈ కారు మనం దసరాకి వేసిందేనా?”

“అవును సార్.”

“మూడు వారాల క్రితం ఇక్కడే నిలబెట్టాం కదయ్యా, నాకొక మాట చెప్పొద్దా?”

అతను గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. “మీకు గుర్తుండే ఉప్పు అని రాశారనుకున్నాను సార్.”

నా ఉద్యోగం మొత్తంలో నన్ను ఎవరూ అంత మాట అనలేదు. అతను తిట్టాలని అనలేదు, మామూలుగా చెప్పాడు. ఇరవై ఏళ్ళు నాతో పనిచేసిన మనిషి నేను అలా చేయగలనని సులువుగా నమ్మాడు.

అయినా ఆ రోజు నేను ఆవిడకు నిజం చెప్పలేదు. ధర్మరాజుననుకుంటారేమో, కాదు. “గురువారం కంపెనీ ఇన్‌స్పెక్టర్ వస్తున్నారండీ, ఆయన చేత చూపిద్దాం” అని పంపేశాను. తర్వాత మేనేజరు గారి గదిలోకి వెళ్ళి తలుపు వేసి జరిగింది చెప్పాను. ఆయన నా కంటే పదేళ్ళు చిన్న, మంచివాడే. మంచివాళ్ళు భయపడితే ఎలా ఉంటారో అలా ఉన్నాడు.

“డెలివరీకి ముందు రంగేసి చెప్పకుండా అమ్మామని బయటపడితే మన డీలర్‌షిప్ మీదికొస్తుందండీ. తయారీలోనే లోపమని రాద్దామంటే ఆ ఇన్‌స్పెక్టరు మీటరు పెడతాడు, దొరికిపోతాం. ఉప్పు అని ఆల్రెడీ రాశారుగా, ఉప్పు దగ్గరే నిలబడండి. మీటరు సంగతి ఆయన అడిగితే ఆవిడే బయట ఎక్కడో వేయించుకుందందాం. ఆర్నెల్లలో రిటైరవుతున్నారు, ఇప్పుడెందుకండీ మీకిది?”

నిజానికి నాకు భయమేసింది. వీడ్కోలు సభలో కప్పబోయే శాలువా దగ్గర్నుంచి అన్నీ కళ్ళ ముందు కదిలాయి. మూడు రోజులు ఎటూ తేల్చుకోలేదు. ఇంట్లో మా ఆవిడకు చెబితే, “పండగపూట కారుకు బొట్టు పెట్టనివ్వలేదా! ఎంత పని చేశారండీ!” అని అక్కడే ఆగిపోయింది. వారంటీ, పెయింటు, ఉద్యోగం ఇవేవీ ఆవిడ చెవికెక్కలేదు. నేను చేసినవాటిలో ఏది పెద్ద తప్పో నాకు అప్పుడు కాస్త తెలిసింది.

గురువారం ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. ముప్పై ఏళ్ళ కుర్రవాడు, ఇస్త్రీ చొక్కా, చేతిలో మా దాని కంటే ఖరీదైన మీటరు. ఆవిడ, ఆవిడ భర్త, మేనేజరు గారు, మేస్త్రీ, నేను కారు చుట్టూ నిలబడ్డాం. ఇన్‌స్పెక్టర్ నాలా వాసన చూడలేదు, ఎవరేం వ్యాపారం చేస్తారో అడగలేదు. టాప్ మీద పెట్టాడు, తలుపులు, డిక్కీ, చివరికి బానెట్. ఒకసారి, రెండుసార్లు, మూడోసారి. తలెత్తి ఆవిణ్ణి అడిగాడు.

“మేడం, ఈ బానెట్ బయటెక్కడైనా పెయింట్ చేయించారా?”

“లేదు బాబూ. ఇంతవరకూ బయటోళ్ళెవరూ చెయ్యే వెయ్యలేదు.”

“కానీ మీటరు అలా చెప్పట్లేదండీ. ఇది రెండోసారి వేసిన పెయింటు.”

మేనేజరు గారు నా వైపు చూశాడు. ఆవిడ కూడా చూసింది. ఆవిడ ముఖంలో కోపం లేదు. ఇంకో అబద్ధం తన మీద పడబోతోందని ముందే తెలిసిన మనిషిలా చీర కొంగు బిగించి నిలబడింది. బస్సులో కండక్టర్ల ముందు, తోటి ప్రయాణికుల ముందు ఎన్నిసార్లు అలా నిలబడి ఉంటుందో అనిపించింది. నా నోరు నన్ను అడక్కుండానే తెరుచుకుంది.

“రెండోసారి వేసింది మేమేనండీ. డెలివరీకి ముందురోజు, ఇక్కడే. మేస్త్రీ వద్దంటుంటే తొందరపెట్టి వేయించింది నేను. సంతకం నాది. ఆవిడకు చెప్పలేదు. ఉప్పు అని రాసిందీ నేనే, కారు చూడకుండా రాశాను.”

ముందుగా తేరుకున్నది ఆవిడే.

“అయితే ఉప్పు కాదా?”

“కాదండీ.”

“చేపలు కాదు?”

“కాదండీ.”

ఆవిడ భర్త వైపు తిరిగి, “విన్నావా?” అంది. ఆయన “విన్నా” అన్నాడు. ఆయన నోట నేను విన్న మొదటి మాట అదే. అంతటితో అయిపోయిందని ఊపిరి పీల్చుకోబోయాను. అప్పుడు మొదలైంది.

“అంటే ఆ రోజు కంపెనీ రూలూ లేదు, కొత్తరకం పెయింటూ లేదు? పచ్చి పెయింటు దాచిపెట్టడానికి పండగపూట నా కారుకి బొట్టు లేకుండా చేశారా? పంతులుగారి చెయ్యి పట్టుకుని ఆపారు కదండీ! పెద్దమనిషిలా పంచె కట్టుకుని! మా అత్త పది నెలల నుంచి నన్ను తిడతా ఉంది, ఆ తిట్లు ఎవరివి ఇప్పుడు? ఒక్క మాట సారూ, ‘ఇలా దెబ్బ తగిలింది, రెండ్రోజులు ఆగమ్మా’ అంటే ఆగనా? ముహూర్తం ఇంకోటి పెట్టించుకోనా? వేటకెళ్ళిన పడవ కోసం ఎన్ని రోజులైనా ఒడ్డున కూచునేవాళ్ళం మేం. ఆగటం మాకు నేర్పాలా?”

హార్బర్లో వేలం పాట పాడే గొంతు అది. షోరూములో కార్లు చూడ్డానికి వచ్చినవాళ్ళు కూడా వెనక్కి వచ్చి నిలబడ్డారు. నేను చేతులు కట్టుకుని అంతా విన్నాను. ఇన్‌స్పెక్టర్ నెమ్మదిగా ఫైలు తెరిచి, “ఇది కంపెనీ వారంటీ కాదండీ, డీలరే చేసివ్వాలి” అని రాసేశాడు. మేనేజరు గారు తల పట్టుకున్నాడు.

పెయింటు ఉచితంగా వేస్తామన్నాం. ఆవిడ దానికి ఊఁ కొట్టలేదు. “నేనడిగింది మొదట ఇవ్వండి. ఆ ముక్క” అంది. తెలుగులో రాయాలి, గుండ్రని స్టాంపు వేయాలి, అదే గుమాస్తా అదే చోట చదవాలి. స్టాంపు అనేసరికి మేనేజరు గారు నీళ్ళు నమిలాడు. నేను వెళ్ళి స్టాంపు తెచ్చి ఆయన ముందు పెట్టి నిలబడ్డాను. కాసేపటికి వేశాడు.

వేలకొద్దీ రిపోర్టులు రాసినవాణ్ణి, ఆ అరపేజీ రాయడానికి నాలుగు కాగితాలు చించాను. చివరికి ఇలా వచ్చింది. “మీ కారు పెయింటు లేవడానికి కారణం మేము హడావుడిగా చేసిన పని. తప్పు మాది. మీ కారులో ఎన్నడూ చేపలు ఎక్కలేదు. చూడకుండా ఆ మాట రాసినందుకు క్షమించండి.” ఆవిడ కూడబలుక్కుంటూ పైకి చదివి, ఎన్నడూ అన్న మాట మీద వేలు పెట్టి ఆగి, మళ్ళీ చదివింది. మడిచి జాకెట్లో పెట్టుకుంది.

నన్ను వారంటీ సెక్షన్ నుంచి తీసేసి బ్యాటరీల గదికి పంపారు. మిగిలిన సర్వీసు అక్కడే గడిచింది. పెద్ద శిక్షేమీ కాదు. బ్యాటరీలు అబద్ధాలాడవు, ఫ్యాను కూడా బాగా తిరిగేది.

కారు మాత్రం మేస్త్రీ చేతిలో పెట్టాం. ఈసారి ఎవరూ టైము చెప్పలేదు. బానెట్‌ను రేకు దాకా రుద్దాడు, ఒక్కో పొర వేసి ఒక్కో రోజు ఆగాడు. ఆవిడ రోజూ ఫోను చేసేది. “ఎండిందా సారూ?” “ఇంకా లేదండీ.” “నేనేం తొందరపెట్టట్లేదు, ఊరికే చేశాలెండి.” అలా తొమ్మిది రోజులు. పదో రోజు మేస్త్రీ బొటనవేలు అదిమి చూసి, ఎండకు పెట్టి చూసి, మళ్ళీ అదిమి, “ఇప్పుడు రమ్మనండి సార్” అన్నాడు.

ఆవిడ ఒక్కతే బస్సు దిగి, ఆటోలో వచ్చింది. పంతులుగారు లేరు. ఈసారి ముహూర్తం మేస్త్రీగారిదేనంది. చేతిసంచిలోంచి పసుపు గిన్నె తీసి, నీళ్ళు కలిపి, బానెట్ ముందు నిలబడి నా వైపు తిరిగింది.

“ఇప్పుడు రాయొచ్చాండీ? కంపెనీ రూలేం లేదుగా?”

వర్క్‌షాపంతా గొల్లుమంది. నేను కూడా నవ్వాను, కానీ కళ్ళు తడిశాయి. “రాయండమ్మా, ఎంత కావాలంటే అంత రాయండి” అన్నాను. ఆవిడ నిండా పసుపు రాసి, మధ్యలో కుంకుమ బొట్టు పెట్టి, అంతటితో ఆగక మేస్త్రీ నుదుటన ఒకటి, నా నుదుటన ఒకటి పెట్టింది. నాది కాస్త గట్టిగానే అదిమింది.

అప్పుడే గేటు దగ్గర ఇంకో ఆటో ఆగింది. అందులోంచి ఆవిడ భర్త దిగాడు, చేతుల్లో పెద్ద థర్మాకోల్ పెట్టె. ఐసులో రొయ్యలట, మేస్త్రీకీ వర్క్‌షాపు వాళ్ళకూ. మీరు తినరని తెలుసంటూ నాకు వేరే సంచిలో మామిడి తాండ్ర తెచ్చారు.

“ఇద్దరూ కలిసి రావచ్చు కదండీ, వేరువేరుగా ఎందుకు?” అన్నాను.

“పెట్టె ఎక్కిన బండి నేనెక్కనండీ. ఇయ్యాళ కారెక్కాలి కదా” అంది ఆవిడ, బానెట్ మీద జారుతున్న పసుపును కొంగుతో అద్దుతూ. “ఎన్నడూ అని స్టాంపేసి రాసిచ్చారుగా. మీ మాట నిలబెట్టొద్దూ!”

“బందరు నుంచి పెట్టె ఒళ్ళో పెట్టుకుని వచ్చారా? పాపం, బస్సు ఇరుకేమో” అని ఆయన్ను పలకరించాను.

ఆయన పెట్టె దించి, నడుం నిటారుగా చేసుకుని, నిదానంగా నవ్వాడు.

“ఏం ఇరుకండీ, పక్క సీటు ఖాళీయే. కాళ్ళు చాపుకుని వచ్చా.”